చిరిగిన రబ్బరు మౌంట్: పారామీటర్లు తేలేదాకా ఆకారం తేలలేదు

పోయినేడాది ఏప్రిల్‌లో నా టేబుల్ మీదికి ఒక చిరిగిన రబ్బరు మౌంట్ వచ్చింది. డీజిల్ జనరేటర్ కింద పెట్టే రకం. పైన ఒక ఉక్కు ప్లేటు, కింద ఒక ఉక్కు ప్లేటు, మధ్యలో 60 మి.మీ. వ్యాసం, 30 మి.మీ. ఎత్తు ఉన్న నల్ల రబ్బరు దిమ్మ. ఒక్కో జనరేటర్‌కి ఆరు. సైట్లో ఏడెనిమిది నెలలు తిరిగేసరికి కొన్నిటిలో రబ్బరు చిరుగుతోందని కంప్లైంట్. భూతద్దం పెట్టి చూస్తే చిరుగు ఎక్కడ మొదలైందో తెలిసిపోతోంది: పై ప్లేటుకి అర మిల్లీమీటరు కింద, రబ్బరు ప్లేటుని పట్టుకునే మూలలో, సన్నటి నెలవంకలా. వేలితో పక్కకి వంచితే నోరు తెరుస్తోంది, వదిలేస్తే మూసుకుపోతోంది, అందుకే సైట్లో చాలాకాలం ఎవరి కంటా పడలేదు. ప్లేటు మీద రబ్బరు పొర మాత్రం అలాగే అంటుకుని ఉంది. అంటే అతుకు ఊడలేదు, రబ్బరే చిరిగింది. అతుకు ఊడితే ప్రైమర్ దగ్గరో శాండ్‌బ్లాస్టింగ్ దగ్గరో వెతకాలి. రబ్బరు చిరిగితే ఆకారం దగ్గర వెతకాలి, అది నా పని.

మౌంట్లు చేసేది హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక చిన్న మౌల్డింగ్ యూనిట్. వాళ్లడిగింది రెండు ముక్కల్లో చెప్పొచ్చు: రబ్బరు పక్క అంచు ఆకారం మార్చి చిరుగు ఆపాలి, మౌంట్ గట్టితనం మాత్రం మారకూడదు. గట్టితనం అంటే స్టిఫ్‌నెస్, మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని న్యూటన్లు కావాలో ఆ లెక్క. అది మారితే జనరేటర్ ఊగే ఫ్రీక్వెన్సీ మారుతుంది, 1500 ఆర్‌పీఎం దగ్గర నడిచే సెట్ కింద దాన్ని కదిలిస్తే ఒక సమస్య పోయి ఇంకోటి మొదలవుతుంది. డ్రాయింగ్ మీద మిల్లీమీటరుకి 420 న్యూటన్లు, 10 శాతం అటూఇటూ అని రాసుంది.

మొదట్లో నేనూ దీన్ని షేప్ ఆప్టిమైజేషన్ పని, అంటే మంచి ఆకారాన్ని కంప్యూటర్‌తో వెతికించే పని అనే తీసుకున్నాను. రబ్బరు గుణాలు డేటాషీట్లో ఉంటాయి, మోడల్ కడదాం, అంచు వంపుని వేరియబుల్స్‌గా పెడదాం, సాఫ్ట్‌వేర్ వెతుక్కుంటుంది అనుకున్నాను. నాలుగు నెలల పనిలో మూడు నెలలు రబ్బరు పారామీటర్లు, అంటే రబ్బరు ఎంత గట్టిదో మోడల్‌కి చెప్పే అంకెలు తేల్చడానికే పట్టింది. ఆ మూడు నెలలూ పెట్టకపోయి ఉంటే మౌల్డ్ మార్చి, డబ్బు ఖర్చు పెట్టి, పాతదానికంటే చెడ్డ మౌంట్ తయారుచేసేవాళ్లం. ఈ పని చేసే కుర్రాళ్లు ఇంకా కర్వ్ ఫిట్టింగ్‌ని (కొలతల మీద గీత కూర్చునేలా పారామీటర్లు తేల్చడాన్ని) తూతూమంత్రంగా కానిచ్చేసి ఆప్టిమైజర్ దగ్గరికి పరిగెడుతున్నారు, అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

డేటాషీట్‌తో మొదలుపెట్టిన లెక్క

డేటాషీట్లో ఉన్నది ఒక్క అంకె: హార్డ్‌నెస్ 55 షోర్ ఎ (రబ్బరుకి వాడే హార్డ్‌నెస్ స్కేలు), 5 అటూఇటూ. హార్డ్‌నెస్ నుంచి యంగ్స్ మాడ్యులస్‌కి (లాగితే, నొక్కితే పదార్థం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకెకి) వెళ్లడానికి 1958లో జెంట్ ఇచ్చిన సూత్రం ఉంది, 55కి దాదాపు 3 మెగాపాస్కల్ వస్తుంది. అదే సూత్రంలో 50 పెట్టండి, 2.5 దగ్గర వస్తుంది. 60 పెట్టండి, 3.6. అంటే కాంపౌండ్ (కలిపి తయారుచేసిన రబ్బరు) సప్లయర్ దృష్టిలో పాసైన బ్యాచ్‌లోనే మాడ్యులస్ కింద చివరికీ పై చివరికీ ఒకటిన్నర రెట్ల తేడా ఉండొచ్చు. ఆ మాట అప్పుడే ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాను.

3 మెగాపాస్కల్ అంటే షియర్ మాడ్యులస్ (పక్కకి తోస్తే ఉండే గట్టితనం) అందులో మూడో వంతు, 1. మూనీ 1940లో మొదలుపెట్టి, రివ్లిన్ 1948లో విస్తరించిన మోడల్లో రెండు పారామీటర్లు, సి10, సి01. రెండూ కలిపి రెట్టింపు చేస్తే షియర్ మాడ్యులస్. సి01 అనేది సి10లో పావు వంతు అని చాలామంది వాడే ఒక బండ లెక్క ఉంది. అలా 0.40, 0.10 పెట్టాను. మోడల్ నడిపితే స్టిఫ్‌నెస్ 418 వచ్చింది. డ్రాయింగ్ 420. యూనిట్‌లో కొత్త ముక్కని మెషీన్లో పెట్టి నొక్కితే 430. అందరికీ సంతోషం, నాక్కూడా. ఇంక ఆకారం పని మొదలుపెట్టొచ్చు అన్నారు.

ప్రెస్ దగ్గర పనిచేసే మేస్త్రి గారు అప్పుడు పక్కనే ఉన్నారు. "సార్, అది కొత్త ముక్క కదా, ఇంకో నాలుగుసార్లు నొక్కి చూడండి, అంత గట్టిగా ఉండదు" అన్నారు. ఆయన చేతికి తెలిసిన ఆ సంగతినే మనం పుస్తకాల్లో ముల్లిన్స్ ఎఫెక్ట్ అంటాం. కార్బన్ బ్లాక్ కలిపిన రబ్బరుని మొదటిసారి సాగదీసినప్పుడు ఒక గట్టితనం, ఆ తర్వాత అంతే సాగుకి తక్కువ గట్టితనం. మూడు నాలుగు సైకిల్స్ తర్వాత దాదాపు స్థిరపడుతుంది. అదే ముక్కని పని చేసే మేరకి, పక్క ఊపుతో సహా, ఐదుసార్లు ఆడించి మళ్లీ కొలిస్తే 352. జనరేటర్ కింద జీవితాంతం ఉండేది ఈ 352 గానీ మొదటి నిమిషంలో ఉన్న 430 కాదు. నా మోడల్ సరిపోయింది రబ్బరు ఒక్కసారి మాత్రమే ఉండే స్థితికి. డ్రాయింగ్ కూడా ఎన్ని సైకిల్స్ తర్వాత కొలవాలో చెప్పలేదు. కస్టమర్‌తో మాట్లాడి, ఐదు సైకిల్స్ తర్వాత 352, 5 శాతం అటూఇటూ అని కొత్త టార్గెట్ రాసుకున్నాం. ఇంకో మోడల్ రన్ చెయ్యకుండానే పనిలో పెద్ద తప్పు అక్కడ సరయ్యింది.

రాపిడి రబ్బరు గుణంలా కనిపించిన వైనం

తర్వాత సరైన టెస్టులు చేద్దాం అనుకున్నాం. యూనిట్‌లో 5 కిలోన్యూటన్ల యూటీఎం (ముక్కల్ని లాగి, నొక్కి పరీక్షించే మెషీన్) ఒకటుంది. డంబెల్ ముక్కలు లాగడానికీ, గుండ్రటి బటన్లు నొక్కడానికీ సరిపోతుంది.

లాగే టెస్టులో మొదటి పాఠం క్రాస్‌హెడ్‌ని (ముక్కని లాగే మెషీన్ కడ్డీని) నమ్మకూడదని. పట్టులు రెండింతల దూరం జరిగాయి కాబట్టి 100 శాతం సాగింది అని మెషీన్ చెబుతుంది. కానీ డంబెల్ భుజాలు వెడల్పుగా ఉంటాయి, అవి తక్కువ సాగుతాయి, మధ్య సన్నటి భాగం ఎక్కువ సాగుతుంది. వైట్‌నర్‌తో 25 మి.మీ. దూరంలో రెండు చుక్కలు పెట్టి, ఫోన్‌ని స్టాండ్ మీద కదలకుండా నిలబెట్టి వీడియో తీసి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చుక్కల మధ్య పిక్సెల్స్ లెక్కపెట్టాం. మెషీన్ 100 అన్న చోట చుక్కలు 121 అన్నాయి. అంటే మెషీన్ లెక్క నమ్మితే రబ్బరు ఉన్నదానికంటే గట్టిదని అనుకుంటాం. వీడియో ఎక్స్‌టెన్సోమీటర్ కొనే స్తోమత లేని చోట ఈ పద్ధతి చాలు, కాకపోతే ఫోన్ లెన్స్ ముక్కకి సూటిగా ఉండాలి, చుక్కలు ఫ్రేమ్ అంచులకి పోకూడదు.

నొక్కే టెస్టుకి 29 మి.మీ. వ్యాసం, 12.5 మి.మీ. ఎత్తు ఉన్న బటన్లు పోశాం, ఐఎస్ఓ 7743లో ఉన్న కొలతలే. రెండు ఉక్కు పలకల మధ్య పొడిగా పెట్టి 30 శాతం నొక్కాం. లాగినదీ నొక్కినదీ రెండు డేటాలూ కలిపి ఫిట్ చేస్తే సి10 0.28, సి01 0.28 వచ్చాయి. గీత డేటా మీద చక్కగా కూర్చుంది. కూర్చున్నంత మాత్రాన సరైనది కాదు అన్నదే ఈ కేసులో అసలు విషయం, అందుకే ఇక్కడ కాస్త ఆగి చెబుతాను.

మూనీ రివ్లిన్ మోడల్లో ఒకే దిశలో లాగినప్పుడు ఫోర్సు సూత్రంలో సి10 యథాతథంగా ఉంటుంది, సి01ని మాత్రం సాగు నిష్పత్తితో భాగిస్తాం. ముక్క ఒకటిన్నర రెట్లు సాగిందనుకోండి. 0.40, 0.10 జతకి వచ్చేది 0.467. 0.28, 0.28 జతకీ సరిగ్గా 0.467. 1.2 దగ్గర 0.483, 0.513. 1.8 దగ్గర 0.456, 0.436. ఈ మూడు చోట్లా తేడా 7 శాతం దాటడం లేదు, రబ్బరు టెస్టులో ముక్కకీ ముక్కకీ మధ్య అంత తేడా మామూలే. కాబట్టి లాగే టెస్టు ఒక్కటే చేస్తే ఈ రెండు జతల్లో ఏది నిజమో ఎవరూ చెప్పలేరు. ఎర్రర్‌ని మ్యాప్‌లా గీస్తే గుండ్రటి గుంట కాకుండా పొడుగ్గా, దాదాపు చదునుగా ఉన్న లోయ కనిపిస్తుంది. సాల్వర్ (జవాబు వెతికే ప్రోగ్రాం) ఎక్కడ మొదలెడితే ఆ పక్కనే లోయలో ఎక్కడో ఒకచోట ఆగి, అదే జవాబు అంటుంది. అదే 0.7 దగ్గరికి, అంటే 30 శాతం నొక్కిన స్థితికి రండి. 0.543కి ఎదురుగా 0.68. పాతిక శాతం తేడా! అందుకే నొక్కే టెస్టు కావాలి. అందుకే అందులో చిన్న తప్పు దొర్లినా మొత్తం తప్పు సి01లోకి వెళ్లి కూర్చుంటుంది.

మా తప్పు రాపిడి. పొడి పలకల మధ్య బటన్ నొక్కినప్పుడు దాన్ని పక్కనుంచి చూస్తే పీపాలా మధ్యలో ఉబ్బుతుంది, కింద పైన అంచులు జరగవు. స్వేచ్ఛగా జారితే నిలువు గోడలతోనే లావవ్వాలి. అంచుల్ని పూర్తిగా అతికించేస్తే ఇలాంటి బటన్ గట్టితనం మొదట్లో దాదాపు 1.7 రెట్లు కనిపిస్తుంది. ఇది వ్యాసానికీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి నుంచి వచ్చే మామూలు లెక్క. పొడిగా ఉన్నప్పుడు పూర్తిగా జారడమూ కాదు, పూర్తిగా అతుక్కోవడమూ కాదు, మధ్యలో ఎక్కడో. ఆ ఎక్కడో అన్నది రాపిడి గుణకం మీద ఉంటుంది, అది మనకి తెలియదు. ఆ తెలియనిది మోడల్లో లేదు కాబట్టి ఉన్నవాటిలో ఖాళీగా ఉన్న సి01 దాన్ని మోసింది. సిలికాన్ గ్రీజు రాసి మళ్లీ నొక్కాం. గోడలు నిలువుగానే ఉన్నాయి, ఫోర్సు తగ్గింది, సి01 కూడా కిందికి దిగింది. నా సలహా ఏంటంటే బటన్‌ని గ్రీజుతోనైనా నొక్కండి, లేదా అతికించేసైనా నొక్కండి. ఆ రెండిటికీ బౌండరీ కండిషన్, అంటే అంచులు ఎలా కదులుతాయో మనకి తెలుసు. పొడిగా మాత్రం వద్దు.

మౌంట్ పనిచేసేది పక్క ఊపులో కూడా కాబట్టి ఉక్కు పట్టీల మధ్య రబ్బరు అతికించిన షియర్ ముక్కలు కూడా పోయించాం. మేస్త్రి గారే రెండు రోజుల్లో చేసిచ్చారు. మూడు రకాల ముక్కలూ, అన్నీ ఐదు సైకిల్స్ ఆడించాకే, మౌంట్‌లో ఉన్నంత స్ట్రెయిన్ దాకా కొలిచాం. తెలుగు మీడియంలో ప్రతిబలం, వికృతి అని చదివిన వాటినే షాపులో అందరూ స్ట్రెస్, స్ట్రెయిన్ అంటారు, నేనూ అలాగే రాస్తున్నాను.

మోడల్ కూడా మార్చాను. కార్బన్ బ్లాక్ కలిపిన రబ్బరు తక్కువ సాగులో గట్టిగా, మధ్యలో కాస్త మెత్తగా, చివర్లో మళ్లీ గట్టిగా ఉంటుంది. రెండు పారామీటర్ల మూనీ రివ్లిన్‌కి ఆ వంపు చేతకాదు. 1990లో యో ఇలాంటి రబ్బరు కోసమే మూడు పారామీటర్ల మోడల్ ఇచ్చాడు. కోడ్ రాసిన వెంటనే మా డేటా మీద కాకుండా, 1944లో ట్రెలోర్ ప్రచురించిన కొలతల మీద పరీక్షించాను. అందులో ఒకే రబ్బరుని ఒక దిశలో, రెండు దిశల్లో, వెడల్పు మారకుండా పట్టి లాగిన డేటా మూడూ ఉన్నాయి. ఎనభై ఏళ్లయినా ఇప్పటికీ కొత్త మోడల్ ఎవరు రాసినా ముందు వాటి మీదే రుద్ది చూసుకుంటారు. మీ ఫిట్టింగ్ కోడ్ ట్రెలోర్ డేటా మీద తప్పితే మీ రబ్బరు మీద దాన్ని నమ్మకండి.

మౌంట్‌నే ప్రశ్నించడం

టెస్ట్ ముక్కలకి వచ్చిన పారామీటర్లు అసలు మౌంట్‌కి సరిపోతాయా? ముక్కలు 3 మి.మీ. మందం నుంచి 12.5 దాకా, మౌంట్ 30 మి.మీ. లావు ముద్దలో లోపలి క్యూరింగ్ (వేడికి రబ్బరు గట్టిపడటం) వేరుగా ఉంటుంది. అందుకే చివరి దశలో మౌంట్‌నే టెస్ట్ ముక్కగా తీసుకున్నాం. మౌంట్‌ని నొక్కుతూ ఫోర్సుతో పాటు పక్క గోడ ఎంత ఉబ్బుతోందో కూడా ఫొటోల నుంచి కొలిచి, ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (మౌంట్‌ని చిన్న చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టి లెక్కించేది) ఆ రెండిటినీ చూపించేదాకా మూడు పారామీటర్లనీ సరిచేశాం. ఇక్కడ వాడింది లెవెన్‌బర్గ్ 1944లో, మార్కార్డ్ 1963లో ఇచ్చిన, ఎర్రర్‌ని మెట్టుమెట్టుగా తగ్గించే పాత పద్ధతే. ఒక్కో మలుపుకి (ఇటరేషన్‌కి) ఒక అసలు రన్, మూడు పారామీటర్లనీ ఒక్కొక్కటిగా కదిపి మూడు రన్లు.

ఇందులో రెండు చోట్ల దెబ్బ తగిలింది. కదిపే మెట్టు మరీ చిన్నగా, మిలియన్లో ఒక వంతు పెట్టాను. సాల్వర్ బ్యాలెన్స్ దొరికింది అని ఆగే టాలరెన్స్ దానికంటే పెద్దది, కాబట్టి నాకు కనిపించిన మార్పు పారామీటర్ వల్ల వచ్చింది కాదు, సాల్వర్ రొద. దిశలు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. రెండు రోజులు టెన్షన్ పడ్డాక మెట్టుని 1 శాతం చేస్తే ఆరు మలుపుల్లో కుదిరింది. రెండోది ఏ కొలతకి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్న సంగతి. ఫోర్సు వందల న్యూటన్లలో, ఉబ్బు అర మిల్లీమీటరులో ఉంటాయి, రెండిటి ఎర్రర్లనీ ఊరికే కూడితే ఉబ్బు ఉన్నా లేనట్టే. ఒక్కో కొలతనీ మూడు ముక్కల మధ్య వచ్చిన తేడాతో భాగించి కూడాలి. ఉబ్బు ఎందుకంత ముఖ్యమంటే, ఫోర్సు మాత్రమే చూస్తే గట్టి రబ్బరు, సన్నటి ఆకారం కలిసి కూడా అదే జవాబు ఇవ్వగలవు. గోడ ఎలా వంగిందో చూస్తే ఆ దొంగదారి మూసుకుపోతుంది.

రబ్బరు ఘనపరిమాణం మారనివ్వని గుణం, బల్క్ మాడ్యులస్, దాన్ని తేల్చే ప్రయత్నం చెయ్యలేదు. ఇంత ఎత్తున్న దిమ్మలో రబ్బరుకి పక్కకి ఉబ్బడానికి బోలెడు చోటుంది, ఫోర్సుకి దాని ఊసే తెలియదు. టెస్టుకి కనిపించని పారామీటర్ని ఫిట్టింగ్‌లో పెడితే అది ఏ అంకె అయినా వేసుకుని కూర్చుంటుంది. 2000 మెగాపాస్కల్ అని పెట్టి, హైబ్రిడ్ ఎలిమెంట్లు (ఘనపరిమాణం దాదాపు మారని పదార్థాలకి పనికొచ్చే రకం) వాడి వదిలేశాను. మామూలు ఎలిమెంట్లు వాడితే అవి లాక్ అయిపోయి మౌంట్ రాయిలా కనిపిస్తుంది.

తేలినవి ఇవి: సి10 0.42, సి20 మైనస్ 0.035, సి30 0.008 మెగాపాస్కల్. మోడల్ స్టిఫ్‌నెస్ 349, కొలిచింది 352. సి10 మీద నమ్మకం రెండు శాతం లోపల, సి30 మీద ఇరవై శాతం. ఆ ఇరవై శాతాన్ని దాచిపెట్టకుండా ఆకారం పనిలోకి వెంట తీసుకెళ్లాను.

ఆకారం వంతు

ఇప్పుడు పని సూటిగా ఉంది. మౌంట్ మీద 1700 న్యూటన్ల బరువు, దాని మీద స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ 8 మి.మీ. పక్క ఊపు, అంతకు మించకుండా స్టాపర్లు ఉన్నాయి. ప్లేటు అంచు దగ్గర ప్రిన్సిపల్ స్ట్రెయిన్ (ఆ చోట ఏ దిశలోనైనా ఉన్న అతి ఎక్కువ సాగు) వీలైనంత తగ్గాలి, స్టిఫ్‌నెస్ 352 దగ్గర ఉండాలి.

స్ట్రెయిన్ ఎక్కడ కొలవాలి అన్నది ముందు తేల్చుకోవాలి. మూల లోపల బిందువు దగ్గర కొలిస్తే మెష్ (ఎలిమెంట్ల వల) సన్నబడే కొద్దీ అంకె పెరుగుతూనే ఉంటుంది, అది సింగ్యులారిటీ. దాన్ని తగ్గించమని ఆప్టిమైజర్‌కి చెబితే మెష్‌తో ఆడుకుంటుంది. అందుకని అంచుకి సరిగ్గా అర మి.మీ. దూరంలో, అంటే నిజం ముక్కలో చిరుగు మొదలైన చోటే కొలిచాం. పాత ఆకారానికి అక్కడ 96 శాతం.

మొదటి ప్రయత్నంలో పక్క గోడ మీది నోడ్లనే (ఎలిమెంట్లు కలిసే బిందువుల్నే) ఒక్కొక్కటిగా జరిపించాను. ఐదు మలుపుల్లో స్ట్రెయిన్ మూడో వంతు తగ్గింది, చూస్తే గోడ రంపపు పళ్లలా ఉంది. మెష్ సన్నం చేసి మళ్లీ నడిపితే ఆ లాభం అంతా ఆవిరి. 1973లో జీన్‌కీవిచ్, కాంప్‌బెల్ నోడ్లనే వేరియబుల్స్‌గా పెట్టి దారి చూపించిన దగ్గర్నుంచి ఈ రంపం అందరికీ ఎదురవుతూనే ఉంది. 1984లో బ్రైబాంట్, ఫ్లూరీ బి-స్ప్లైన్ వంపుల్ని (కొద్ది కంట్రోల్ పాయింట్లతో నునుపుగా గీసే గీతల్ని) వాడి బయటపడే దారి చెప్పారు. నేనూ అదే పట్టాను: పాదం వ్యాసం, నడుం వ్యాసం, మధ్యలో రెండు కంట్రోల్ పాయింట్లు, మొత్తం నాలుగు వేరియబుల్స్. కింది సగం పై సగానికి అద్దం. మెష్ మొత్తం వంపుతో పాటు నునుపుగా జరుగుతుంది.

అన్ని చోట్లా ఉన్న స్ట్రెయిన్లలో గరిష్ఠం తగ్గించు అంటే ఇంకో ఇబ్బంది. ఒక మలుపులో గరిష్ఠం పై అంచున, తర్వాతి మలుపులో నడుం దగ్గర, ఇలా గెంతుతుంది, డెరివేటివ్ నమ్మలేం. ఒక గీత పెట్టి, ఏ బిందువూ ఆ గీత దాటకూడదని షరతు పెట్టి, గీతనే కిందికి దించమంటే పని నెమ్మదిగా, కానీ తిన్నగా సాగుతుంది.

ఆప్టిమైజర్ ఎటు లాగిందో చూడటం నాకు చాలా నచ్చింది. పాదం ప్లేటు మీదికి పాకింది, నడుం సన్నబడింది, మధ్యలో వంపు నెమ్మదిగా తిరిగింది. చింతచెట్టు మొదలు నేలని పట్టుకునే చోట ఎలా విచ్చుకుంటుందో అచ్చం అలాగే. జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో క్లాస్ మట్టెక్ చెట్లు పెరిగే తీరు చూసే యంత్ర భాగాల మూలల్ని గుండ్రం చేసే పద్ధతి కట్టాడు. గాలి ఊపుని మోసే చెట్టుకీ, జనరేటర్ ఊపుని మోసే రబ్బరుకీ సమస్య ఒకటే మరి.

కానీ ఆపకపోతే అది పాదాన్ని 0.4 మి.మీ. మందం ఉన్న పొరలా ప్లేటు మీద పరిచేసింది. లెక్కలో అది బ్రహ్మాండంగా ఉంది. డ్రాయింగ్ చూపిస్తే మేస్త్రి గారు తల అడ్డంగా ఊపారు. "అంత పల్చగా పోస్తే మౌల్డ్ విప్పేటప్పుడే లేచిపోతుంది సార్, ఒకటిన్నర మిల్లీ అయినా ఉండాలి." ఒకటిన్నర షరతు పెట్టాం. ప్లేట్లు 72 మి.మీ. కాబట్టి మౌల్డ్ ముందునుంచే రెండు చీలికలుగా తెరుచుకునేది, నడుం సన్నబడినా ముక్క బయటికొస్తుంది. అదొక్కటి మాకు కలిసొచ్చింది.

చివరి ఆకారం పాదం 69, నడుం 57 మి.మీ. స్ట్రెయిన్ 96 నుంచి 61 శాతానికి దిగింది, స్టిఫ్‌నెస్ మోడల్లో 358.

ఇప్పుడు పొడి బటన్ నుంచి వచ్చిన 0.28, 0.28 జతతో ఇదే ఆప్టిమైజేషన్ నడిపి చూశాను, ఏం జరిగేదో తెలుసుకుందామని. ఆ మోడల్ రబ్బరుని ఉన్నదానికంటే గట్టిదనుకుంటుంది, కాబట్టి 352 నిలబెట్టడానికి నడుం 52కి కోసేసింది. కాగితం మీద స్ట్రెయిన్ ఇంకా బాగుంది. ఆ ఆకారానికి అసలు పారామీటర్లు పెట్టి లెక్కిస్తే స్టిఫ్‌నెస్ 266, బరువుకి కుంగేది 4.8 మి.మీ. బదులు 6.4. మౌల్డ్ కోసేశాక ఉక్కు వెనక్కి రాదు.

ఇంకో మాట, ఇది నాకు పని సగంలో వెలిగింది. పారామీటర్లు మూడిటినీ ఒకే అంకెతో గుణించారనుకోండి, అంటే రబ్బరు మొత్తంగా గట్టిదైనా మెత్తదైనా, కదలిక ఇచ్చి నడిపే లోడులో వంగే తీరు మారదు, స్ట్రెయిన్ మారదు, ఫోర్సు మాత్రమే మారుతుంది. మా పక్క ఊపు అలాంటిదే, స్టాపర్లు 8 మి.మీ. దగ్గర ఆపుతాయి. అంటే బ్యాచ్ హార్డ్‌నెస్ 50 అయినా 60 అయినా అంచు స్ట్రెయిన్ పెద్దగా కదలకూడదు, పారామీటర్ల మధ్య నిష్పత్తే స్ట్రెయిన్‌ని నడుపుతుంది. నడిపి చూస్తే అలాగే వచ్చింది, 58 నుంచి 65 మధ్య. ఆ కాస్త తేడా కూడా కిందికి నొక్కే బరువు ఫోర్సు కావడం వల్ల. సి30ని ఇరవై శాతం కదిపినా నడుం వ్యాసం అర మి.మీ. లోపలే జరిగింది. అప్పుడుగానీ మౌల్డ్ మార్చమని నేను సంతకం పెట్టలేదు.

రిగ్ మీద

కొత్త ముక్కలు మూడు, పాతవి మూడు, ఒకే బ్యాచ్ కాంపౌండ్‌తో పోసి, 1700 న్యూటన్ల బరువు కింద 8 మి.మీ. పక్కకి, సెకనుకి రెండుసార్లు ఊపాం. కొత్తవాటి స్టిఫ్‌నెస్ ఐదు సైకిల్స్ తర్వాత 355 దగ్గర. పాతవాటిలో లక్ష సైకిల్స్ దాటాక అదే మూలలో నెలవంక కనిపించింది. కొత్తవాటిలో రెండు 5 లక్షల దగ్గర ఆపేదాకా శుభ్రంగా ఉన్నాయి. మూడోదానిలో 3 లక్షల తర్వాత సన్నటి చీలిక, కానీ అంచు దగ్గర కాదు, పాదం వంపు మీద, నిలువుగా ఉన్న ఒక గీత పక్కన.

ఆ గీత మౌల్డ్ రెండు చీలికలూ కలిసే చోట మిగిలే ఫ్లాష్ (సందులోకి కారిన రబ్బరు) గుర్తు. నా మోడల్లో గోడ నున్నగా ఉంది, నిజం ముక్కలో ఆ గీత ఉంది. మిగతా రెండు ముక్కలూ తీసి చూస్తే వాటిని రిగ్‌లో బిగించినప్పుడు గీత ఊగే దిశకి అడ్డంగా, అంటే స్ట్రెయిన్ తక్కువగా ఉండే పక్కకి పడింది. మూడోదానిలో సరిగ్గా ఊగే దిశలో పడింది. బిగించేటప్పుడు ఎవరూ దిక్కు చూసుకోలేదు, చూసుకోవాలని నేనూ చెప్పలేదు. మళ్లీ మూడు ముక్కలు, గీత మూడిటిలోనూ అడ్డంగా పెట్టి ఊపాం, 5 లక్షల దాకా ఏమీ లేదు.

ఇప్పుడు పై ప్లేటుని మౌల్డ్‌లో పెట్టే ముందే దాని మీద ఒక బాణం పంచ్ చేస్తున్నారు, ఆ బాణం చీలిక గీతకి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండేలా మౌల్డ్‌లో పిన్ను పెట్టించాం. బాణం జనరేటర్ ఊగే పక్కకి తిరిగి ఉండాలని బిగించేవాళ్లకిచ్చే కాగితంలో మొదటి లైన్లోనే రాయించాను.